టీకా ముందు ఎవరికి: వయసు చూడాలా, పేట చూడాలా, జాతి చూడాలా?

2020 ఏప్రిల్ మొదట్లో అమెరికాలోని షికాగో మేయర్ లోరీ లైట్‌ఫుట్ బయటపెట్టిన లెక్క ఇది: నగర జనాభాలో నల్లజాతివారు 30 శాతం, కోవిడ్ చావుల్లో దాదాపు 70 శాతం. మిషిగన్ రాష్ట్రంలోనూ అదే కథ, జనాభాలో 14 శాతం ఉన్నవాళ్లు మరణాల్లో 40 శాతం. బస్సులు నడిపేవాళ్లు, సరుకుల కొట్లలో నిలబడేవాళ్లు ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. ఇరుకు ఇళ్లు, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ దానికి తోడు. మిషిగన్ గవర్నర్ గ్రెచెన్ విట్మర్ ఆ నెలలోనే ఈ తేడా మీద ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. అయితే నాయకులకు అసలు చిక్కు టీకా వచ్చాక మొదలైంది. డోసులు కొన్నే, వరస ఎలా?

వయసు లెక్క అన్నిటికంటే సులువు. పెద్దవాళ్లే ఎక్కువ చనిపోయారు కాబట్టి ఎవరూ గొడవ చేయరు. కానీ నల్లజాతివారి సగటు ఆయుష్షే తక్కువ. 75 దాటినవారికి ముందు అంటే ఆ క్యూలో వాళ్లు పలచగానే ఉంటారు. రోజూ బస్సు నడిపే 55 ఏళ్ల మనిషి బయటే మిగిలిపోతాడు.

పేట లెక్కకు షికాగోయే మంచి ఉదాహరణ. నగరంలో నల్లజాతివారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు) కలిపితే సగానికి పైనే. మొదటి డోసుల్లో వాళ్లకు అందింది ఐదో వంతు కూడా లేదు. 2021 జనవరిలో బాగా దెబ్బతిన్న 15 పేటలను ఎంచుకుని టీకాను అక్కడికే తీసుకెళ్లారు. కొన్ని వారాల్లోనే వాళ్ల వాటా సగం దాకా వచ్చింది. జాతి పేరెత్తకుండానే పని జరిగింది.

దీనికీ కన్నాలున్నాయి. కాలిఫోర్నియాలో పేద పేటల కోసం ఇచ్చిన బుకింగ్ కోడ్‌లు చేతులు మారి డబ్బున్నవాళ్ల ఫోన్లలోకి చేరాయి. స్లాట్ల వేటలో ఎవరిది పైచేయో కోవిన్ రోజుల్లో మనమూ చూశాం. తర్వాత 2021 మార్చిలో కాలిఫోర్నియా 40 శాతం డోసులను బాగా వెనకబడిన పావు వంతు జిప్ కోడ్‌లకే (మన పిన్‌కోడ్ లాంటివి) కేటాయించింది. కోడ్‌ల కంటే అది గట్టి పద్ధతి.

ఇక జాతి. వెర్మాంట్ రాష్ట్రంలో 2021 మార్చి చివరికి తెల్లవారిలో మూడింట ఒకరికి టీకా పడితే, మిగతావారిలో ఐదింట ఒకరికే పడింది. రిపబ్లికన్ గవర్నర్ ఫిల్ స్కాట్ ఏప్రిల్ 1 నుంచి తెల్లవారు కాని 16 దాటినవారందరికీ, వాళ్ల ఇళ్లలో ఉండేవాళ్లకూ తలుపులు తెరిచారు. దాని మీద కొందరు ద్వేషం కుమ్మరించారు, స్కాట్ ఆ ద్వేషాన్ని బహిరంగంగా ఖండించారు. తీరా చూస్తే వాళ్లకు దొరికిన ముందడుగు 18 రోజులే. ఏప్రిల్ 19 నుంచి 16 ఏళ్లు దాటిన అందరికీ ఇచ్చేశారు.

నన్నడిగితే షికాగోకు పేటే మేలు. అక్కడ ఏ జాతివారు ఎక్కడుంటారో మ్యాపే చెబుతుంది. వెర్మాంట్‌లో నూటికి దాదాపు తొంభై మంది తెల్లవాళ్లే, మిగతావాళ్లు అలాంటి పెద్ద పేటలుగా లేరు. పేట పట్టుకుంటే వాళ్లు దొరకరు, కాబట్టి స్కాట్ చేసింది సరైనదే. ఒక్క వయసునే నమ్ముకోవడం మాత్రం రెండు చోట్లా ఒప్పుకోను.

అయితే పేట పద్ధతి నచ్చితే చాలదు, డోసులు ఎవరి చేతిలో ఉన్నాయన్నదీ చూడాలి. 2021 జనవరిలో టెక్సాస్‌లోని డాలస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) తన పేద జిప్ కోడ్‌లకు ముందు ఇస్తామంది. టెక్సాస్ రాష్ట్రం సరఫరా తగ్గిస్తామని హెచ్చరించగానే వెనక్కి తగ్గింది.