డిజీలాకర్: పేచీ అంతా ఇంటిపేరు దగ్గరే

లైసెన్సులాంటి ప్రభుత్వ కాగితాలను ఫోన్లోకి తెచ్చిపెట్టే సర్కారీ యాప్ డిజీలాకర్ మీద నాకున్న కోపం ఒక్కటే, అదీ తెలుగువాళ్లకే ఎక్కువ తగిలేది. డ్రైవింగ్ లైసెన్సు నంబరు సరిగ్గానే కొట్టినా పేరు ఆధార్‌తో కలవలేదని తిప్పికొడుతుంది. ఆధార్‌లో ‘కె. వెంకట రమణ’, లైసెన్సులో ‘కొండేపూడి వెంకటరమణ’ అని ఉంటే గుమాస్తా ఎవరైనా ఒక్కరేనని ఒప్పుకుంటాడు. యాప్ ఒప్పుకోదు. పొడి అక్షరం (ఇనీషియల్) ఉన్నా, ఇంటిపేరు చివరికి పోయినా కొర్రీ పడొచ్చు.

మళ్లీ మళ్లీ నొక్కి లాభం లేదు. ముందు పదో తరగతి మెమో తీసి అందులో పేరెలా ఉందో చూడండి. దాన్ని మార్పించడం అన్నిటికన్నా కష్టం కాబట్టి మిగతావన్నీ దానికి తగ్గట్టు దిద్దుకోవడమే మేలు. ఆధార్‌లో పేరు మార్చుకోనిచ్చేది రెండుసార్లే. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోదలచినవాళ్లు పొడి అక్షరం విప్పించే పనీ అదే విడతలో కానిచ్చుకోవాలి. ఆధార్ కేంద్రంలో రుసుము 75 రూపాయలు. ఆపరేటర్ నమోదు ముగించేలోపు తెర మీద ఇంగ్లిషు స్పెల్లింగుతో పాటు తెలుగూ చదవండి. తెలుగు దానంతటదే పడుతుంది, ఒత్తులూ దీర్ఘాలూ అక్కడే తప్పుతాయి. మార్పు అయ్యాక కూడా యాప్‌లో పాత పేరే ఉంటే ప్రొఫైల్‌లో ఆధార్ వివరాలు మళ్లీ తెప్పించుకుని, ఆ తర్వాతే లైసెన్సు అడగాలి.

ఒకసారి లైసెన్సు యాప్‌లోని ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’లోకి, అంటే జారీ చేసిన ఆఫీసు నుంచే వచ్చిన కాగితాల్లోకి, వచ్చిందంటే మాత్రం హాయి. 2017 ఐటీ నిబంధనల సవరణ ప్రకారం అది అసలు కాగితంతో సమానం. అయితే మనం స్కాన్ చేసి అదే యాప్‌లోని ‘డ్రైవ్’లో ఎక్కించుకున్నదానికి ఆ హోదా లేదు, తనిఖీలో చూపించినా చెల్లదు. నెట్ అందని చోట యాప్ తెరుచుకోకపోవచ్చు, పీడీఎఫ్ ముందే దించుకోండి. ఆ పీడీఎఫ్‌ను కంప్యూటర్లో తెరిస్తే డిజిటల్ సంతకం మీద పసుపుపచ్చ ప్రశ్నార్థకం కనిపించవచ్చు. అలాగే ప్రింటు తీస్తే కౌంటర్లో పక్కన పడేస్తారు. అడోబీ రీడర్‌లో సంతకం మీద రైట్‌క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సర్టిఫికెట్ తెరిచి, ట్రస్ట్ ట్యాబ్‌లో దాన్ని నమ్మదగినవాటిలో చేర్చి, మళ్లీ వ్యాలిడేట్ చేస్తే పచ్చ టిక్కు వస్తుంది.

నా కాగితాల్లో పేర్లన్నీ ఇప్పుడు ఒక్క తీరుగా ఉన్నాయి కాబట్టి పర్సులో కార్డు పెట్టుకోవడం మానేశాను. పాత పుస్తకం లైసెన్సువాళ్లకు ఈ మాట వర్తించదు. ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కకపోతే యాప్ తెచ్చేదేమీ ఉండదు, ముందు ఆర్టీఓ ఆఫీసులో ఎక్కించుకోవాల్సిందే.