పర్లాకిమిడి నుంచి: నార్డ్ స్టేజ్ 3లో పియానోలు, ప్రోగ్రాములు సర్దుకోవడం

నేను ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో కీబోర్డు వాయిస్తాను. ఆదివారం పొద్దున్న చర్చి. పెళ్ళిళ్ళ సీజన్లో పాతపట్నం, టెక్కలి, గుణుపురం. మిగతా రోజుల్లో ఒడియా మెలోడీ పార్టీలు (వేదిక మీద పాటలు వాయించే బృందాలు). ఒకే వేదిక మీద తెలుగు పాట అవ్వగానే ఒడియా పాట అడుగుతారు, అది అవ్వగానే మళ్ళీ తెలుగు. పాట మొదలయ్యేలోగా దానికి తగిన టోన్ చేతికి అందితే చాలు, ఆ రాత్రి గడిచిపోతుంది.

రెండేళ్ళ కిందట విశాఖలో ఒక కీబోర్డు ఆయన దగ్గర నార్డ్ స్టేజ్ 3 కాంపాక్ట్ అనే కీబోర్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎర్ర రంగు, 73 మెట్లు. స్వీడన్‌లోని క్లావియా కంపెనీ తయారీ. ఈ మోడల్ 2017లో వచ్చింది, 2023లో దాని తర్వాతిదైన స్టేజ్ 4 వచ్చింది. పియానో శబ్దం గురించి చాలామంది చెప్పారు, నేనూ అదే అంటాను, చాలా బాగుంటుంది. నేను రాయాలనుకున్నది దాన్ని లోపల సర్దుకోవడం గురించి. మొదటి ఆరు నెలలు ఆ పని చేయక నేను పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదు.

ఇందులో పియానోలకు, అంటే అసలు పియానోలను రికార్డు చేసి కట్టిన శబ్దాల ఫైళ్ళకు, 2 జీబీ చోటు ఉంది. మిగతా శాంపిళ్ళకు (రికార్డు చేసిన వేరే వాయిద్యాల శబ్దాలకు) విడిగా 480 ఎంబీ. రెండూ వేరు వేరు గదులు, ఒకదాని ఖాళీ ఇంకొకదానికి పనికిరాదు. కంపెనీ సైట్లో పియానోలు ఉచితంగా దొరుకుతాయి, ఒక్కొక్కటి స్మాల్, మీడియం, లార్జ్, కొన్నయితే ఎక్స్ఎల్ సైజుల్లో. స్మాల్‌లో పెడల్ తొక్కినప్పుడు మిగతా తీగలు కూడా మోగే ఆ గుంయిమనే శబ్దం ఉండదు. మీడియం నుంచి ఉంటుంది. లార్జ్‌లో ఎక్కువ మెట్లను విడివిడిగా రికార్డు చేసి ఉంటారు, ఎక్స్ఎల్‌లో ఇంకా ఎక్కువ.

కొత్తలో అన్నీ ఎక్స్ఎల్ వేసేశాను. చోటు ఇట్టే నిండిపోయింది. ఇప్పుడు చర్చిలో నెమ్మదిగా సాగే పాటలకి ఒక్క గ్రాండ్ పియానో లార్జ్‌లో పెట్టుకున్నాను, మిగిలినవన్నీ మీడియం. పెళ్ళి పందిట్లో రిథమ్ ప్యాడ్, డోలక్, జనరేటర్ హోరు మధ్య లార్జ్‌కీ ఎక్స్ఎల్‌కీ తేడా నాకే వినబడదు. పెడల్ శబ్దం లేకపోతే మాత్రం పియానో ఎండిపోయినట్టుంటుంది. అందుకే స్మాల్ జోలికి పోను.

పియానోలు ఎక్కించడం, తీసేయడం అంతా నార్డ్ సౌండ్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో, యూఎస్‌బీ తీగ పెట్టి. విండోస్ గానీ మాక్ గానీ కావాలి. పెన్ డ్రైవ్ పెట్టి పని కానిచ్చుకునే దారి లేదు, ఫోన్‌తోనూ అవదు. మా వైపు వాయించేవాళ్ళలో సగం మందికి ల్యాప్‌టాప్ ఉండదు, కాబట్టి ఇది చిన్న లోపమేమీ కాదు. నేను మా చెల్లెలి కాలేజీ ల్యాప్‌టాప్ అడిగి తీసుకుంటాను. ఇంకో సంగతి. ఒక పియానో తీసేయగానే చోటు ఖాళీ అయిపోదు, తీసేసినవాటి చోటును క్లీన్ చేయాలి. పెద్ద పియానో ఎక్కడానికి టీ పెట్టుకుని తాగేంత సేపు పడుతుంది. వాయించడానికి బయల్దేరే ముందు ఈ పని పెట్టుకోకండి.

నేను అలాగే పెట్టుకున్నాను. పోయిన మాఘంలో పాతపట్నంలో పెళ్ళి. ముందు రోజు రాత్రి కొత్త పియానో ఒకటి వేద్దామని, వాడడం లేదనుకున్న పాత గ్రాండ్ ఒకటి తీసేశాను. మర్నాడు వేదిక మీద బి బ్యాంకులో (బ్యాంకు అంటే ప్రోగ్రాములు ఉండే అర) ప్రోగ్రామ్, అంటే ముందే కట్టి దాచుకున్న టోన్, నొక్కితే స్ట్రింగ్స్ వచ్చాయి, వాటి కింద పియానో రాలేదు. పక్కది నొక్కినా అంతే. పాడుతున్న అక్క వెనక్కి తిరిగి "శ్రుతి ఇవ్వు తమ్ముడూ" అంది. చేతులు చల్లబడిపోయాయి. ఆ రాత్రంతా ఎలక్ట్రిక్ పియానోతోనే లాక్కొచ్చాను. తర్వాత లెక్క పెడితే ఆ పియానో మీద కట్టిన ప్రోగ్రాములు పదకొండు.

ఇంటికొచ్చి అదే పియానో మళ్ళీ ఎక్కించాను. ఒక్క బటన్ ముట్టకుండా పదకొండూ లేచి కూర్చున్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. ప్రోగ్రామ్ అంటే కిరాణా కొట్టుకి రాసిచ్చే చీటీ లాంటిది. ఏ పియానో, ఎంత వాల్యూమ్, ఎంత రివర్బ్ (ప్రతిధ్వని), ఏ మెట్టు దగ్గర స్ప్లిట్ (అటొక శబ్దం, ఇటొక శబ్దం) అని అందులో రాసి ఉంటుంది. సరుకు వేరే గదిలో ఉంటుంది. గదిలో సరుకు లేకపోతే చీటీ ఏం చేస్తుంది? అప్పటి నుంచి ఏ పియానో ఏ ప్రోగ్రాముల్లో ఉందో నోట్‌బుక్‌లో రాసుకున్నాకే ఏదైనా తీస్తాను. ఏ మార్పుకైనా ముందు మొత్తం బ్యాకప్. నలుగురితో పంచుకోవాలంటే బండిల్ అని ఒకటుంది, ప్రోగ్రామ్‌తో పాటు దానికి కావలసిన శబ్దాలు కూడా ఒకే ఫైల్‌లో వెళ్తాయి.

ప్రోగ్రాములకి 16 బ్యాంకులు, బ్యాంకుకి 25, మొత్తం 400. అన్ని అక్కర్లేదు. నాకు ఎ చర్చి, బి తెలుగు పెళ్ళిళ్ళు, సి ఒడియా మెలోడీ. ఆర్గనైజ్ అనే దాంట్లో ప్రోగ్రాములను అటూ ఇటూ మార్చుకోవచ్చు, దానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. గుణుపురం రైల్లో హెడ్‌ఫోన్ కూడా లేకుండా ఇది చేద్దామనుకున్నాను గానీ కీబోర్డుకి బ్యాటరీ లేదు. సాంగ్ మోడ్‌లో ఒక్కో పాటకి ఐదు ప్రోగ్రాములు వరసగా పెట్టుకోవచ్చు. పల్లవికి ఒకటి, బీజీఎంకి ఒకటి, చరణానికి ఒకటి. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు పట్టుకున్న స్వరం తెగిపోదు. దీని కోసమే ఇంత డబ్బు పెట్టినా నాకు బాధ లేదు.

సొంత శాంపిళ్ళ సంగతీ చెప్పాలి. మా మామయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది, కొన్ని రీడ్లు పోయాయి. ఫ్యాన్ ఆపేసి, తలుపులు మూసి, మూడేసి మెట్లకి ఒక స్వరం చొప్పున రికార్డు చేసి నార్డ్ వాళ్ళ శాంపిల్ ఎడిటర్ 3 అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. లూప్ (మెట్టు నొక్కి ఉంచినంతసేపు స్వరంలోని ఒక ముక్క తిరిగి తిరిగి మోగడం) కుదరడానికే రెండు వారాలు పట్టింది. బెలోస్ (గాలి తిత్తి) ఒక్క తీరుగా తొయ్యకపోతే లూప్ దగ్గర శబ్దం ఊగుతుంది. ఇలా చేసినవి సింథ్ విభాగంలోకే వెళ్తాయి, పియానో విభాగంలోకి మన శబ్దాలు ఎక్కవు. అక్కడ పెట్టుకుని చెక్కతో చేసిన ఆ పిచ్ స్టిక్ (స్వరాన్ని పైకీ కిందకీ జార్చే పుల్ల) కాస్త కదిపితే పద్యం ఎత్తుకునే ముందు మామయ్య తీసే రాగం గుర్తొస్తుంది.

ఒంటరిగా స్టైల్ (కీబోర్డు తనంతట తానే వాయించే తాళం) వేసుకుని వాయించేవాళ్ళు దీన్ని కొనకండి. ఇందులో రిథమ్ స్టైల్స్ లేవు, స్పీకర్లూ లేవు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళు మాత్రం డబ్బు ఇచ్చే ముందు ల్యాప్‌టాప్, యూఎస్‌బీ తీగ పట్టుకెళ్ళండి. అక్కడే సౌండ్ మేనేజర్‌కి కలిపి, పాత యజమాని కట్టుకున్న ప్రోగ్రాములన్నీ బ్యాకప్ తీసి ఇమ్మని అడగండి. నాకు ఆయన ఇచ్చిన వాటిలో నాలుగు ఇప్పటికీ బి బ్యాంకులో మొదటి వరసలోనే ఉన్నాయి.