కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు చూపించిన బ్రోకర్ ఆఫీసు: నా అనుభవం

హైదరాబాద్‌లోని అమీర్‌పేటలో మూడేళ్లు హాస్టల్లో ఉన్నాను. మా తమ్ముడికి నగరంలో ఇంజనీరింగ్ సీటు రావడంతో ఇద్దరం కలిసి ఉండటానికి రెండు పడకగదుల ఇల్లు వెతకవలసి వచ్చింది. అంతకుముందు మా ఇంట్లో ఎవరూ అద్దెకు ఉన్నవారు కాదు కాబట్టి, ఒప్పందంలో ఏం చూడాలో, బ్రోకర్‌తో ఎలా మాట్లాడాలో చెప్పేవారు లేరు. రెండు ఆదివారాలు మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా టూలెట్ బోర్డుల వెంట తిరిగాం. ఆ బోర్డుల మీది నంబర్లలో చాలావరకు ఓనర్లవి కాక బ్రోకర్లవే అయ్యాయి. ఓనర్లు ఫోన్ ఎత్తిన చోట "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" అన్న ప్రశ్న దగ్గరే మాట ఆగిపోయేది. చివరికి జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఒక బ్రోకర్ ఆఫీసుకు వెళ్లాం. నాకు ఎదురైనది ఆ ఒక్క చోటి పద్ధతి కాదని తోటి ఉద్యోగుల మాటల వల్ల తరువాత తెలిసింది కనుక ఆ ఆఫీసు పేరు రాయడం లేదు.

ఇళ్లు చూపించే పనిలో ఆ బ్రోకర్‌కు వంక పెట్టలేను. మా బడ్జెట్ 22,000 రూపాయలని చెబితే, రెండు రోజుల్లో ఏడు ఇళ్లు చూపించారు. ఏ ఒక్కటీ బడ్జెట్‌ను దాటలేదు. అన్నాచెల్లెళ్లకైనా అక్కాతమ్ముళ్లకైనా ఇవ్వని ఓనర్ల ఇళ్లను ముందే పక్కన పెట్టి, గుమ్మం దాకా వెళ్లి అవమానపడే పని లేకుండా చేశారు. నిజాంపేట రోడ్డులో మాకు బాగా నచ్చిన ఒక ఇంట్లో ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకుంటారని, ఆ ఖర్చును మెయింటెనెన్స్ మీద అదనంగా వేస్తారని ఆయన తనంతట తానే చెప్పారు. మేము చూసింది వానాకాలంలో కనుక ఆ సంగతి మాకు తెలిసే అవకాశమే లేదు. మంజీర కుళాయి నీళ్లు ఏ రోజుల్లో వస్తాయో, లిఫ్టుకు జనరేటర్ ఉందో లేదో, ఏ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ కుటుంబం రాత్రిళ్లు కూడా అక్కడే ఉంటుందో ఆయనకు కంఠతా తెలుసు. ఒంటరిగా తిరిగి ఉంటే ఈ వివరాలు తెలుసుకోవడానికి నాకు నెల పట్టేది.

చిక్కులన్నీ టోకెన్ ఇచ్చిన తరువాత మొదలయ్యాయి. హైదర్‌నగర్‌లోని మూడో అంతస్తు ఇల్లు నచ్చిందని చెప్పగానే, సాయంత్రం ఇంకొక కుటుంబం చూడటానికి వస్తోందని, ఇల్లు నిలవాలంటే వెంటనే 5,000 రూపాయలు టోకెన్ పంపాలని ఆయన అన్నారు. ఒప్పందం ముసాయిదా చూడకుండా, ఓనర్‌తో ఒక్క మాటైనా మాట్లాడకుండా, బ్రోకర్ సొంత ఫోన్ నంబరుకు ఆ డబ్బు పంపాను. రసీదు అడిగితే, ఫోన్లో వచ్చే మెసేజే రసీదు అన్నారు. ఇల్లు వద్దనుకుంటే ఆ డబ్బు తిరిగి వస్తుందా అని అడగాలని కూడా ఆ నిమిషంలో నాకు తోచలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. ఎందుకంటే ఆ 5,000 పోతాయన్న భయమే ఆ తరువాత ప్రతి మెట్టులోనూ నన్ను వెనక్కి తగ్గేలా చేసింది.

మొదటి రోజు ఫోన్లో మాట్లాడినప్పుడు బ్రోకరేజ్ 15 రోజుల అద్దె అని చెప్పారు. తాళాలు ఇచ్చే రోజున మాత్రం నెల అద్దె, అంటే 22,000 అడిగారు. 15 రోజుల లెక్క ఫ్యామిలీలకే వర్తిస్తుందని, మా లాంటి వారికి ఓనర్‌ను ఒప్పించడం కష్టం కనుక నెల అద్దె తీసుకుంటామని కారణం చెప్పారు. మేము అక్కాతమ్ముళ్లమని ఆయనకు మొదటి రోజే తెలుసు. కానీ ఆ 15 రోజుల మాట ఫోన్లో విన్నదే తప్ప ఎక్కడా రాసి లేదు. వాదించి 18,000కు ఒప్పించగలిగాను, అంతకంటే తగ్గలేదు. ఓనర్ ఆంటీ దగ్గర కూడా ఆయన సగం నెల అద్దె తీసుకున్నారని ఆ తరువాతి వారం ఆవిడే చెప్పారు. రెండు వైపులా డబ్బు తీసుకోవడం ఇక్కడ కొత్త సంగతి కాదు. అయితే ఆ విషయం ముందుగా తెలిసి ఉంటే, నా తరఫున మాట్లాడుతున్నారన్న నమ్మకంతో ఆయన మాటలు విని ఉండేదాన్ని కాదు.

మెయింటెనెన్స్ విషయంలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. అద్దె 22,000 మెయింటెనెన్స్‌తో కలిపి అని బ్రోకర్ వాట్సాప్‌లో రాశారు. ఒప్పందంలో మాత్రం మెయింటెనెన్స్ 2,500 విడిగా ఉంది. ఆ మెసేజ్‌ను ఓనర్ ఆంటీకి చూపించాను. ఆవిడ తాను బ్రోకర్‌కు ఎప్పుడూ అలా చెప్పలేదని అంటూనే, రాసింది కనుక మాట తప్పనని మొదటి 11 నెలలకు 22,000కే ఒప్పుకున్నారు. ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్లో ఒకటి రాసి ఉండటం వల్ల నెలకు 2,500 మిగిలింది, రెండోది రాసి లేకపోవడం వల్ల ఒక్కసారిగా 7,000 పోయింది.

ఒప్పందాన్ని సంతకానికి ఇచ్చిన తీరు కూడా బాగాలేదు. జిరాక్స్ షాపులో 100 రూపాయల స్టాంపు పేపరు మీద అప్పటికే అచ్చు వేయించి, చదవడానికి వ్యవధి లేకుండా పెన్ను చేతికిచ్చారు. ఒక్క సాయంత్రం గడువు అడిగితే ఆయన ముఖం చిట్లించారు గానీ ఓనర్ ఆంటీ అభ్యంతరం చెప్పలేదు. 11 నెలలే ఎందుకని అడిగితే రూల్ అన్నారు తప్ప వివరించలేదు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని ఉంది, మన రాష్ట్రంలో మాత్రం సవరణ వల్ల గడువు ఎంతైనా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, శ్రమ తప్పుతాయనుకుని 11 నెలలకు రాసుకుంటారని ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. అదే రాత్రి ఇంకా మూడు విషయాలు కనిపించాయి. ఖాళీ చేయాలంటే మేము రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఓనర్ మాత్రం ఒక నెల ముందు చెబితే చాలని రాసి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో, వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెకు ఇరువైపులా 15 రోజుల నోటీసే ఉంది కనుక, ఇద్దరికీ ఒక నెల అని సమానంగా మార్పించాను. పెయింటింగ్ కోసం వెళ్లేటప్పుడు డిపాజిట్‌లో నెల అద్దె పట్టుకుంటామన్న వాక్యాన్ని, బిల్లు చూపించి అయినంతే తీసుకుంటామని రాయించాను. ఇక ఓనర్ పాన్ నంబరు ఎక్కడా లేదు. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే, పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు కోసం మా ఆఫీసులో ఓనర్ పాన్ ఇవ్వాలి. మా అద్దె ఏడాదికి 2,64,000. బ్రోకర్ మాత్రం ఓనర్లు పాన్ ఇవ్వరని, అడిగితే ఇల్లు పోతుందని నన్ను భయపెట్టారు. అడిగిన రోజే ఓనర్ ఆంటీ ఇచ్చారు.

ఫిర్యాదు చేయడానికి రెరా, అంటే స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం, ఉంది కదా అని మా నాన్న అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ 2016 నాటి ఆ చట్టం కింద మధ్యవర్తులు రిజిస్టర్ చేసుకోవలసింది రెరా ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకాలు, కొనుగోళ్ల కోసమే. అద్దె ఇళ్లు చూపించే బ్రోకర్లకు ఆ నియమం వర్తించదు. ఇంత పెద్ద నగరంలో, చదువులకూ ఉద్యోగాలకూ వచ్చిన వాళ్లు మొదటి జీతంలోంచి బ్రోకరేజ్ ఇచ్చుకుంటున్న చోట, కనీసం రసీదైనా ఇవ్వకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. డబ్బు తీసుకుని చేసిన సేవ కనుక వినియోగదారుల కమిషన్ దారి ఉంది. అయితే అక్కడికి వెళ్లాలన్నా చేతిలో కాగితం కావాలి.

మంచి రోజు చూసి అమ్మ వచ్చి పాలు పొంగించింది. ఆ మర్నాడు గీజర్ పని చేయకపోతే బ్రోకర్‌కు ఫోన్ చేశాను. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. ఇంట్లో చేరిన తరువాత నెల రోజుల దాకా ఏ సమస్య వచ్చినా చూసుకుంటామని మొదటి రోజు ఆయనే చెప్పారు. వాచ్‌మన్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు, 600 రూపాయలయ్యాయి, ఓనర్ ఆంటీ వాటిని అద్దెలో తగ్గించుకోమన్నారు.

ఈ బ్రోకర్‌కు ఐదు మార్కులకు నేను రెండున్నర ఇస్తున్నాను. ఇల్లు వెతికి పెట్టడంలో నాలుగు ఇవ్వవచ్చు, డబ్బు విషయంలో ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఇల్లు వెతుకుతోంది. ఆమెను అదే బ్రోకర్ దగ్గరికి పంపాను, ఎందుకంటే నీళ్ల సంగతి ఆయన అంత నిజాయితీగా చెప్పేవారు నాకు ఇంకొకరు తెలియదు. టోకెన్ పంపే ముందు మాత్రం ఆయనకు ఈ మెసేజ్ పెట్టి, సరేనని జవాబు వచ్చేదాకా డబ్బు పంపవద్దని చెప్పాను: "అద్దె ఇంత, మెయింటెనెన్స్ ఇంత. అడ్వాన్స్ రెండు నెలలు. బ్రోకరేజ్ ఇంత, తాళాలు ఇచ్చిన రోజున. ఒప్పందం ఒక రోజు ముందు పంపాలి. షరతులు నచ్చకపోతే టోకెన్ తిరిగి ఇవ్వాలి. ఓనర్ పాన్ ఇస్తారు. సరేనా అన్నా?" నిన్న సాయంత్రం ఆయన నుంచి సరే అని జవాబు వచ్చిందట.