కొండమీదికి మోయదగిన ట్రైపాడ్: ఏడాది వాడకం తర్వాత

కెమెరాను కదలకుండా నిలిపే మూడు కాళ్ళ స్టాండు, అంటే ట్రైపాడ్, మొదటిసారి కొన్నప్పుడు నేను చూసినవి ధర, బరువు మాత్రమే. 900 గ్రాముల ఆ అల్యూమినియం ట్రైపాడ్‌ను చిక్కబళ్ళాపురం పక్కనున్న స్కందగిరి మీదికి మోసుకెళ్ళి, శిథిలమైన కోటగోడ దగ్గర నిలబెట్టి, సూర్యోదయానికి ముందు లోయలో పరుచుకున్న మబ్బులను 8 సెకండ్ల ఎక్స్‌పోజర్‌తో, అంటే అంతసేపూ షట్టర్ తెరిచే ఉంచి, తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే 14 ఫొటోల్లో స్పష్టంగా ఉన్నవి రెండే. గాలికి వణికినవి పెన్సిలంత సన్నగా ఉన్న అడుగు కాళ్ళేనని అప్పుడు అర్థమైంది.

రెండోసారి బెంగళూరులోని ఒక దుకాణానికి నా కెమెరా, లెన్సు, వీపుసంచీ వెంట తీసుకుని వెళ్ళాను. ప్రతి ట్రైపాడ్‌నూ పూర్తి ఎత్తుకు తెరిచి, కెమెరా బిగించి, తెరమీద దృశ్యాన్ని పది రెట్లు పెద్దది చేసి, కాలిని వేలితో ఒకసారి తట్టి, బొమ్మ కుదురుకోవడానికి ఎంతసేపు పడుతుందో గమనించాను. డబ్బామీద రాసిన వివరాలన్నిటికంటే ఈ ఒక్క పరీక్షే ఎక్కువ చెప్పింది. అమ్మకందారు మాత్రం ప్రతిసారీ మధ్య కడ్డీని పైకి లాగి ఎత్తు చూపించాడు. ప్రకటించిన 150 సెంటీమీటర్లలో పాతికదాకా ఆ కడ్డీ వల్ల వచ్చేదే. దాన్ని లాగడమంటే మూడు కాళ్ళ పీటమీద ఒంటికాలి పీట ఎక్కించడమే. కడ్డీ దించి ఉంచినప్పుడు కెమెరా మన గడ్డందాకా వస్తే చాలు, కాస్త వంగి చూడవచ్చు.

చివరికి తీసుకున్నది నాలుగు మడతల కార్బన్ ఫైబర్ ట్రైపాడ్; అంటే ఒక్కో కాలు ఒకదానిలోకి ఒకటి దూరే నాలుగు గొట్టాలు. కెమెరాను ఎటైనా తిప్పి బిగించే పైభాగం, అంటే బాల్ హెడ్‌తో కలిపి 1.35 కిలోలు, మడిస్తే 42 సెంటీమీటర్లు. ఐదు మడతలది ఇంకా పొట్టిగా ముడుచుకుంటుంది గానీ, బిగించవలసిన లాకులు పెరిగి, అడుగు కాలు మరింత సన్నబడుతుంది. ఇదే నమూనా అల్యూమినియంలో 300 గ్రాములు ఎక్కువ, ధర దాదాపు సగం. నెలకొకసారి కూడా కొండెక్కనివారు ఆ సగం డబ్బు మిగుల్చుకోవడమే మంచిది. కార్బన్ కంపనాన్ని త్వరగా అణుస్తుంది, చలిలో చేతికి చల్లగా తగలదు. అయితే రాతికి గట్టిగా తగిలితే అల్యూమినియంలా సొట్టపడి ఊరుకోక పగిలే ప్రమాదం ఉంది. అందుకే బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ నున్నటి బండమీద దీన్ని చేతికర్రగా వాడాలన్న ఆశను చంపుకున్నాను.

తిప్పి బిగించే లాకుల్లో ఇసుక చేరితే కరకరమంటుంది కాబట్టి, వానలో తిరిగి వచ్చిన ప్రతిసారీ కాళ్ళు విప్పి, తుడిచి, ఆరబెడుతున్నాను. గాలి ఎక్కువైనప్పుడు మధ్య కడ్డీ కింది కొక్కేనికి సంచీ తగిలిస్తాను. అది గాలిలో ఊగితే మేలుకంటే కీడే ఎక్కువ కనుక, సంచీ అడుగు నేలకు ఆనేలా చూసుకోవాలి.

నాకు నచ్చనిది హెడ్ ఒక్కటే. చిన్న లెన్సుతో ఇబ్బంది లేదు గానీ, బరువైన 70-200 మి.మీ. జూమ్ లెన్సు తగిలించినప్పుడు ఎంత బిగించినా చేయి వదలగానే ముందువైపు వెంట్రుకవాసి వాలుతుంది. మరో హెడ్ కొనేదాకా ఫ్రేమును కావలసిన దానికంటే కొంచెం పైకి పెట్టి బిగిస్తున్నాను.