భుజాన్ని కాపాడిన రబ్బరు ప్యాడ్

నాన్న తర్వాత నా లైసెన్స్ మీదికి వచ్చిన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ పేలిస్తే చాలు, భుజం కమిలిపోయేది. భుజానికి ఆనే కట్టె చివర రబ్బరు ప్యాడ్ వేయిద్దామని మహబూబ్‌నగర్‌లో లైసెన్స్ ఉన్న ఒక రిపేరు షాపుకు పట్టుకెళ్లాను.

“చాచా, తూటాలో మందు తగ్గించి ఇయ్యరాదా?” అంటే ఆయన ఒప్పుకోలేదు. “మందు తగ్గిస్తే ప్రతిసారీ మేలే అనుకోకు. నీది రైఫిల్ కాదు గానీ, ఎక్కువ మందు పట్టే పెద్ద మాగ్నం రైఫిల్‌లో నెమ్మదిగా కాలే మందు మరీ తక్కువ పోస్తే ఒత్తిడి అదుపు తప్పి తుపాకే పగలొచ్చు బిడ్డా. లైసెన్స్ లేకుండా తూటాలు చేసుడు 1959 ఆయుధాల చట్టం కింద నేరం. తక్కువ గుళ్లున్న కంపెనీ తూటాలు కొనుక్కో” అన్నాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ముందు లైసెన్స్ చూసి రిజిస్టర్‌లో రాసుకున్నాడు. తుపాకీ నా భుజానికి ఆనించి, ట్రిగ్గర్ నుంచి కట్టె వెనక చివర దాకా కొలిచాడు. ప్యాడ్ అంగుళం మందం కాబట్టి కట్టె కూడా అంగుళం కోశాడు, లేదంటే పొడవై చేతికి అందదు. రబ్బరు అరగదీసేటప్పుడు పాత పాలిష్ గీసుకుపోకుండా కట్టె చుట్టూ టేపు చుట్టాడు. అతుకు మీద వేలితో రాస్తే గోరు తగల్లేదు!

రెండు రోజులని నాలుగు రోజులు చేశాడు, అదొక్కటే నచ్చలేదు. మొన్న రేంజ్‌లో పది తూటాలు కాల్చాను. మర్నాడు పొద్దున అదే చేత్తో బోరింగ్ కొట్టాను, నొప్పి లేదు.