రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400: ఏది మేలు?

ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్ వచ్చింది 2022 జనవరిలో. ఏఎండీ రైజెన్ 5 5600 అదే ఏడాది ఏప్రిల్‌లో. ఆ తర్వాత రెండు కంపెనీలూ కొత్త తరాలు దించేశాయి. అయినా తక్కువ ఖర్చులో పీసీ అసెంబుల్ చేయించుకోవాలనుకునేవాళ్ల లిస్టులోంచి ఈ రెండు పేర్లూ పోలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. నాలుగో తరమో ఆరో తరమో ఐ5తో ఇన్నాళ్లూ లాక్కొచ్చినవాళ్లకి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. సరే, కొత్తది కొందామంటే 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పైకెళ్లాయి. ఈ రెండు ప్రాసెసర్లూ విండోస్ 11కి పనికొస్తాయి, రెండూ డీడీఆర్4 రకం ర్యామ్‌తో నడుస్తాయి. పాత పీసీలో డీడీఆర్4 స్టిక్కులుంటే అవే తీసి పెట్టుకోవచ్చు.

వేగం సంగతి తొందరగా ముగిద్దాం, ఎందుకంటే అక్కడ తేలేదేమీ లేదు. రెండింట్లోనూ 6 కోర్లు (పనిచేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). బూస్ట్, అంటే గరిష్ఠ వేగం, రెండింటికీ 4.4 గిగాహెర్ట్జ్. బేస్ క్లాక్ (కనీస వేగం) 5600కి 3.5, 12400కి 2.5 అని రాసి ఉంటుంది గానీ అది చూసి కంగారు పడక్కర్లేదు, పని పడితే 12400 కూడా అన్ని కోర్లూ 4 గిగాహెర్ట్జ్ దాకా నడుపుతుంది. సినీబెంచ్ ఆర్23 అనే వేగ పరీక్షలో సింగిల్ కోర్ స్కోరు 12400కి సుమారు 1700, 5600కి 1500 దగ్గర ఉంటుంది. అంటే ఒక్కో కోరు బలం ఇంటెల్‌దే ఎక్కువ. ఏఎండీ దానికి బదులు ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) పెద్దది ఇచ్చింది: 32 ఎంబీ, ఇంటెల్‌లో 18 ఎంబీ. ఆటల్లో ఆ క్యాష్ అక్కరకొస్తుంది కాబట్టి ఒక గేమ్‌లో ఇది ముందుంటే ఇంకో గేమ్‌లో అది ముందుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌ఎక్స్ 6600 స్థాయి గ్రాఫిక్స్ కార్డుతో 1080పీలో ఆడేవాళ్లకి ఆ తేడా కంటికి ఆనదు, ముందు అలిసిపోయేది కార్డే. వాలరెంట్ లాంటి తేలిక ఆటల్లో అయితే 144 హెర్ట్జ్ మానిటర్ చూపించగలిగిన దానికంటే ఎక్కువ ఫ్రేములే రెండూ ఇస్తాయి. యూట్యూబ్‌లో రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి నాలుగు ఫ్రేముల తేడాకి గొడవపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

నా దృష్టిలో ఎంపిక వేరేచోట ఉంది. మొదటిది, డిస్‌ప్లే. రైజెన్ 5600లో గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద ఏమీ రాదు. ఇంటెల్‌లో 12400 వేరు, 12400ఎఫ్ వేరు. ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు. ఎఫ్ లేనిదాంట్లో యూహెచ్‌డీ 730 ఉంటుంది. దాంతో పెద్ద ఆటలు ఆడలేం, కానీ ట్యాలీ, ఎక్సెల్, యూట్యూబ్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు హాయిగా సాగిపోతాయి. కార్డు పాడై వారంటీకి పంపిన రోజుల్లో పీసీ మూలన పడి ఉండదు. ఈ ఒక్క కారణానికే ధరలో మరీ పెద్ద తేడా లేకపోతే ఎఫ్ లేనిదే తీసుకోమంటాను.

వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి కారణం ఇంకా గట్టిది. మన ఊళ్లలో పెళ్లిళ్లు షూట్ చేసేవాళ్లలో సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాలు వాడేవాళ్లున్నారు. అందులో 10 బిట్, 4:2:2 కలర్‌తో హెచ్.265లో రికార్డ్ చేయొచ్చు. కలర్ గ్రేడింగ్‌కి అది మంచిదే, ఫైలూ చిన్నగా ఉంటుంది. కానీ టైమ్‌లైన్ మీద పెడితే ముక్కీ మూలిగీ కదులుతుంది. కారణం, ఆ రకం ఫైలుని హార్డ్‌వేర్‌లో విప్పే ఏర్పాటు చాలా గ్రాఫిక్స్ కార్డుల్లో లేకపోవడమే. ఎన్‌విడియా దాన్ని ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో గానీ ఇవ్వలేదు. ఇంటెల్ మాత్రం 11వ తరం నుంచే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ పేరుతో ఇస్తోంది. అంటే ఆర్‌టీఎక్స్ 3060 ఉన్న పీసీలో 5600 పెడితే ఆ ఫుటేజ్ భారమంతా కోర్ల మీదే పడుతుంది. అదే కార్డు పక్కన 12400 పెడితే ప్రీమియర్ ప్రో క్విక్ సింక్‌ని వాడుకుంటుంది. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకుంటూ కూర్చునే టైమ్ మిగులుతుంది. ఒక చిన్న జాగ్రత్త: విడిగా కార్డు పెట్టినప్పుడు కొన్ని బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయాస్‌లోకి (బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి మల్టీ మానిటర్ ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. ఆల్బమ్, వీడియో పనితో బతికేవాళ్లకి నేను 5600 చెప్పను. అలాగని 12400ఎఫ్ కూడా చెప్పను, అందులో క్విక్ సింక్ లేదు.

రెండోది మదర్‌బోర్డు. ప్రాసెసర్ దగ్గర మిగిలిందనుకున్న డబ్బు ఇక్కడే పోతుంది, కాబట్టి రెండింటి రేటూ కలిపి అడగాలి. 12400కి చవకగా దొరికేది హెచ్610 బోర్డు. ర్యామ్ స్లాట్లు రెండే, చాలావాటిలో ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు పీసీఐఈ (భాగాలకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి) 3.0 దగ్గరే ఆగుతుంది. మామూలు వాడకానికి చాలు. బీ660, బీ760 కొంటే ఇంకాస్త వెసులుబాటు. కాకపోతే ఈ బోర్డులు డీడీఆర్4కి విడిగా, డీడీఆర్5కి విడిగా వస్తాయి. దాదాపు అదే పేరు, చివర్లో డీ4 అని ఉంటే డీడీఆర్4. తేడా చూడకుండా తెచ్చుకుంటే పాత స్టిక్కులు అందులో దిగనే దిగవు.

5600 వైపు ఏ520, బీ450 చవక. కానీ వాటిలో కార్డుకి పీసీఐఈ 3.0 మాత్రమే. ప్రాసెసర్‌లో ఉన్న 4.0 వాడుకోవాలంటే బీ550 కావాలి. ఆర్‌ఎక్స్ 6600కి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి నాలుగే పీసీఐఈ లేన్లు (దారులు) వాడే కార్డుకి మాత్రం గట్టి దెబ్బే.

ఇంట్లో ఇప్పటికే రైజెన్ 2600, 3200జీ లాంటివి బీ450 బోర్డు మీద ఉంటే మాత్రం ఈ పోలికంతా పక్కన పెట్టేయండి. 5600 తప్ప వేరే ఆలోచన అనవసరం. బోర్డు అదే, ర్యామ్ అదే, ప్రాసెసర్ ఒక్కటే ఖర్చు. పాత ప్రాసెసర్ తీయకముందే బయాస్ అప్‌డేట్ చేసుకోవాలి, తీశాక గుర్తొస్తే టెన్షనే. ఇంకో మాట, కూలర్‌ని ఒక్క ఉదుటున పీకొద్దు. ఈ రైజెన్లు కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పేస్టు గట్టిపడి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు పీసీ నడిపి వేడెక్కించి, ఆపేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

ఏఎండీ పేర్లతో జాగ్రత్త. 5500, 5600, 5600జీ, 5600ఎక్స్ అని వరసగా ఉంటాయి. 5600ఎక్స్ అంటే కొంచెం వేగం పెంచిన 5600, అంతే. 5500 మాత్రం వేరే చిప్పు: ఎల్3 క్యాష్ సగమే, 16 ఎంబీ, పీసీఐఈ కూడా 3.0. 5600జీ కూడా ఆ కోవలోదే, కాకపోతే అందులో వేగా గ్రాఫిక్స్ ఉంటుంది. "అన్నీ ఒకటే సార్" అని కౌంటర్ దగ్గర చెబితే నమ్మకండి.

రేపు అప్‌గ్రేడ్ మాటేమిటని చాలామంది అడుగుతారు. ఏఎం4లో ఆటలకి పై మెట్టు 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీ. 96 ఎంబీ క్యాష్‌తో ఇప్పటికీ దమ్మున్నవే, కానీ సరసమైన ధరకి దొరకాలి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 14వ తరం దాకా వెళ్లొచ్చు. అయితే 13, 14 తరాల్లోని పెద్ద ప్రాసెసర్లకి వోల్టేజీ వల్ల క్రాషయ్యే సమస్య వచ్చి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇవ్వాల్సొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అది గుర్తుంచుకోవాలి. 12400కి ఆ బెడద లేదు. అసలు ఈ బడ్జెట్‌లో కొన్నవాళ్లు మూడు నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చడం తక్కువ, మార్చాలనిపించేసరికి బోర్డు కూడా పాతబడుతుంది. దీనికి నేను ఎక్కువ మార్కులు వేయను.

వేడి గురించి భయం వద్దు. పెట్టెలో వచ్చే కూలర్లతోనే రెండూ నడుస్తాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ఫ్యాన్ చప్పుడు మాత్రం భరించాలి.

కొత్తగా అంతా కొనేవాళ్లకి నా ఓటు ఎఫ్ లేని 12400కి. కార్డు ఎలాగూ పెట్టి ఆటలే ఆడతాం, ఎడిటింగ్ జోలికి పోం అనుకుంటే 5600, బీ550 కలిపిన రేటూ, 12400ఎఫ్, బీ660 కలిపిన రేటూ అడిగి ఏది తగ్గితే అది తీసుకోవచ్చు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా కొటేషన్‌లో బాక్స్ అని ఉందా, ట్రే (పెట్టె లేకుండా విడిగా అమ్మేది) అని ఉందా చూడండి. బాక్స్ అయితే కూలర్ వస్తుంది, కంపెనీ వారంటీ 3 ఏళ్లు. ట్రే అయితే కూలర్ విడిగా కొనాలి, వారంటీ ఎవరిస్తారో, ఎన్నాళ్లో బిల్లు మీదే రాయించుకోవాలి.