కేసులు లెక్కపెట్టాలా, హెల్మెట్లు లెక్కపెట్టాలా?

జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు అయిపోగానే నెల్లూరు, కావలి కాలేజీల ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఏటా ఒకటే అడుగుతారు. "సార్, ర్యాలీ తీశాం, ఫ్లెక్సీలు కట్టాం. మా వల్ల కుర్రాళ్ల యాక్సిడెంట్లు తగ్గాయని రిపోర్టులో ఎట్టా చూపించేది?"

ఎక్కువమంది ముందు పోలీస్ స్టేషన్‌కి పోతారు. నిరుడు ఎన్ని కేసులు, ఈ ఏడు ఎన్ని? తీసివేస్తే మిగిలిందంతా మన గొప్పే. ప్రాణాలే కదా అసలు లెక్క, తప్పేముంది అనిపిస్తుంది. దేశం మొత్తానికైతే ఆ లెక్క నిలబడుతుంది. 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు, అందులో మూడింట రెండు వంతులు 18-45 ఏళ్ల వాళ్లే. అదే ఒక ఊరికి వచ్చేసరికి, ఏడాదికి 9 మంది కుర్రాళ్లు పోతున్నారనుకుందాం. ఎవరూ ఏమీ చేయకపోయినా అది ఒక ఏడు 6 కావచ్చు, ఇంకో ఏడు 12 కావచ్చు. మనం మేలుకునేది ఆ 12 మంది పోయిన ఏడాదే. మరుసటేడు 9కి దిగితే ర్యాలీ మహిమ అంటాం. జ్వరం దిగే రోజున చూసిన డాక్టరుకి పేరొచ్చినట్టు!

ప్రచారం నిజంగా పనిచేసినా కష్టమే. వేరువేరు దేశాల్లో జరిగిన 67 అధ్యయనాలను కలిపి 2011లో లెక్క వేస్తే, ప్రచారాల వల్ల ప్రమాదాలు సగటున 9 శాతం తగ్గాయని తేలింది. తొమ్మిదిలో 9 శాతం అంటే ఒక్క మనిషి కూడా కాదు. దాన్ని స్టేషన్ రిజిస్టరులో ఎక్కడ వెతుకుతారు?

నెలలవారీగా పోల్చినా చిక్కే. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండగ 2022లో ఆగస్టులో వచ్చింది, 2025లో జూలైలో వచ్చింది. ఆ రోజుల్లో చెరువు వైపు వచ్చే బళ్లలో మన ఊరివి ఎన్ని?

ఆస్పత్రి లెక్క కొంత నయం. స్టేషన్ దాకా రాని విరిగిన కాళ్లూ దొరుకుతాయి. కాకపోతే రికార్డులు చూపించేవాళ్లు దొరకాలి. "ఇకపై హెల్మెట్ పెట్టుకుంటారా?" అనే గూగుల్ ఫారం గురించి చెప్పేదేం లేదు. అందులో అందరూ బుద్ధిమంతులే.

నా ఓటు రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టడానికే. ఒకసారి మినీ బైపాస్‌లో టీ కొట్టు పక్కన ఉదయం ఎనిమిదిన్నరకి నిలబడ్డాం. ఫోన్ బయటికి తీస్తే ఫొటో కొడుతున్నామనుకుని బళ్లు వెనక్కి తిప్పేస్తున్నారు. అందుకని ప్యాంటు జేబుల్లో చింతగింజలు. మెడలో కాలేజీ ఐడీ కార్డు ఉన్నవాడు పోతే, హెల్మెట్ ఉంటే కుడి జేబులో ఒకటి, లేకపోతే ఎడమ జేబులో. పది నిమిషాలకే మూడో జేబు కావాల్సొచ్చింది, హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నవాళ్ల కోసం. అదే సెంటర్లో పోలీసు కనబడితే చాలు, మోచేతిది నెత్తికెక్కుతుంది. కాబట్టి పోలీసు లేని రోజు లెక్కే తీసుకోండి.

ఇట్లా 400 బళ్లు ముందూ, 400 బళ్లు తర్వాతా చూస్తే, 10 శాతం పాయింట్ల తేడా (30 శాతం ఉన్నది 40 అయినట్టు) వచ్చినప్పుడు గాలివాటం కాదని చెప్పొచ్చు. మీ ప్రచారం చేరని ఒంగోలులో కూడా అవే రోజుల్లో ఒక స్నేహితుణ్ణి నిలబెట్టండి. అక్కడా అంతే పెరిగితే ఆ పేరు మీ ర్యాలీది కాదు, చలానాలదో మరోదానిదో.

హెల్మెట్ యాక్సిడెంట్‌ని ఆపదు కదా అంటారు. ఒప్పుకుంటాను, వేగం సంగతి కూడా చింతగింజలకి అందదు. అయితే బండి పడ్డప్పుడు హెల్మెట్ చావు ముప్పుని దాదాపు 42 శాతం, తల గాయాల్ని 69 శాతం తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. అందుకే రిపోర్టులో "యాక్సిడెంట్లు తగ్గించాం" అని రాయకండి, "హెల్మెట్లు ఇంత పెరిగాయి" అని రాయండి.

ఫిబ్రవరిలో ఫోన్ చేసినవాళ్లని నేను ముందు అడిగేది డిసెంబరు లెక్క ఉందా అని. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "ఫ్లెక్సీల ఫొటోలున్నాయి సార్" అంటారు.